పలకని బండ

పోయిన ఆదివారం మా మనవరాలు తన కొత్త అద్దె ఇల్లు చూడమని నన్ను పిలిపించుకుంది. హైదరాబాదులో ఆరో అంతస్తు. లోపల అడుగు పెట్టానో లేదో చేయి పట్టుకుని హాల్లోకి లాక్కుపోయి, "నాయనమ్మా, కళ్లు మూస్కో. ఆఁ, ఇప్పుడు తెరువ్" అంది. ఎనభై ఆరేళ్ల మనిషిని కళ్లు మూసుకోమంటే అటే నిద్రపోతుందని ఆ పిల్లకు తెలియదు. తెరిచి చూస్తే సోఫా ముందు ఒక బల్ల ఉంది. కాళ్లేమో పాత కుట్టుమిషనువి, నల్లరంగు వేసి మెరిపించింది. పైన సగం చందమామ లాంటి రాతి పలక. నీలం బండ, తిన్నగా ఉన్న అంచు పొడవునా పసుపుపచ్చ చార. "తాండూరు ఇంట్లో పెరటి గోడకు ఆనించి ఉండె. రాయికి పైసా పెట్టలేదు, మిషను కాళ్లకూ పెట్టలేదు. ఎంత స్టైల్‌గా ఉందో చూడు!" అని తనకు తనే చప్పట్లు కొట్టుకుంది. ఏడాది నిండని నా మునిమనవడు ఆ బల్ల అంచు పట్టుకుని నిలబడడం నేర్చుకుంటున్నాడు.

నేను పక్కనున్న కుర్చీలో కూలబడ్డాను. మోకాళ్ల నొప్పి అనుకుని మనవరాలు దిండు తెచ్చింది. మోకాళ్ల నొప్పి నాకు ఉన్నమాట నిజమే గానీ, అప్పుడు కూర్చున్నది అందుకు కాదు. ఆ రాయి రెండో సగం ఎక్కడుందో నాకు తెలుసు. తాండూరు ఇంటి వాకిలి నడుమ, నాలుగు నిలువుల లోతున, బురదలో ఉంది. దాన్ని అక్కడికి పంపినవాళ్లు ఇద్దరు. ఒకరు మా తోటికోడలు, రెండో మనిషిని నేను.

తోటికోడలిని మావైపు అక్కా అనే పిలుస్తాం కాబట్టి ఇక్కడా అక్క అనే రాస్తాను. పేరు మాత్రం రాయను, రాస్తే ఇప్పటికీ కోప్పడుతుందేమోనని నా అనుమానం. నేను వికారాబాద్ నుంచి తాండూరు కాపురానికి వచ్చేటప్పటికి నాకు పదిహేడేళ్లు, ఆమె ఆ ఇంటికి పెద్దకోడలై అప్పటికే ఆరేళ్లు. మా బావగారూ మా ఆయనా కలిసి గంజ్ బజారులో కందిపప్పు వ్యాపారం చేసేవాళ్లు. ఇంట్లో పైసకు కొదవలేదు. కాకపోతే ఆ పైస కోడళ్ల చేతికి వచ్చే దారి ఏదీ ఆ ఇంట్లో కట్టలేదు. మా బావగారు నేల మీద ఒక్క కందిబద్ద కనిపించినా వంగి ఏరి జేబులో వేసుకునే మనిషి. ఆయనను పట్టుకుని కిటికీలకు పరదాలు కావాలని అడిగే ధైర్యం ఎవరికుంటుంది? అక్క అడగలేదు. చిరిగిన గోనెసంచులు నాలుగు తీసుకుని, పోగులు లాగి అంచులకు కుచ్చులు వేసి, మోదుగుపూలు ఉడికించిన నీళ్లలో ముంచి ఆరేసింది. మర్నాడు మా ఇంటి కిటికీలు సాయంత్రపు ఎండ రంగులో ఊగుతుంటే వీధిలో పోయేవాళ్లు ఆగి చూశారు. బావగారు కూడా ఆగి చూసి, "ఎంతయింది?" అన్నాడు. "నాలుగు పాత సంచులయినయ్" అంది అక్క. పాత సంచులకు కూడా ధర ఉంటుందని ఆయన వారం రోజులు సణిగాడు.

అలాంటివి ఎన్నో చేసేది. నూనెడబ్బాకు మేకుతో చిల్లులు పొడిచి దీపానికి తొడిగితే గోడల నిండా నెమళ్లు తిరిగేవి. విరిగిన దువ్వెన పళ్లు అరగదీసి జాకెట్లకు గుండీలు చేసేది. ఈ ఆలోచనలు ఆమెకు దొరికే చోటు ఒకటి మాత్రం నాకు తెలుసు, వికారాబాద్ స్టేషను. నేను పుట్టింటికి పోయినప్పుడల్లా నాతో పాటు తనూ బయల్దేరేది. చుట్టరికం మీద ప్రేమ అనుకుని మా అమ్మ మురిసిపోయేది. ఆ ప్రేమంతా బొంబాయి రైలు మీద. తిరుగు ప్రయాణంలో గంట ముందే నన్ను స్టేషనుకు తరిమి, పై తరగతి పెట్టెలు ఆగేచోట బెంచీ మీద కూర్చునేది. రైలు ఆగేది కాసేపే. ఆ కాసేపట్లో కిటికీల్లోని ఆడవాళ్లను పైనుంచి కిందిదాకా చదివేసేది. రైలు కదలగానే పుల్లతో మట్టిలో గీసి, "చెల్లె, గా ఆమె జాకెట్ మెడ చూసినవా? వెనుక పడవ లెక్క దిగింది. మనకు అర గజం గూడ అక్కర లేదు" అనేది. వారం తిరక్కుండా ఆ బొంబాయి మెడ నా వీపు మీద ఉండేది. ఆ ఇంట్లో నాకు నచ్చినదంటూ ఉంటే అది అక్క చేతులే. అందుకే ఈ సంగతి ఇన్నేళ్లు చెప్పడం నా వల్ల కాలేదు.

ఇక బావి సంగతి. మా వాకిలి, అంటే వీధి తలుపు లోపలి ముంగిలి, చతురస్రంగా, పెద్దగా ఉండేది. సరిగ్గా దాని నడుమ ఒక పాత బావి ఉండేది. నలభై ఎనిమిదిలో, నిజాం రాజ్యం పోయిన గడబిడ రోజుల్లో, మా అత్తగారి కుటుంబం ఇల్లు తాళం వేసుకుని వికారాబాద్‌లో చుట్టాల ఇంట్లో నెలన్నర తలదాచుకుంది. తిరిగి వచ్చేటప్పటికి తాళం లేదు, తలుపూ లేదు. బావిలో మాత్రం ఏదో ఉంది. ఏమిటన్నది మా అత్తగారు చచ్చేదాకా ఎవరికీ చెప్పలేదు. బావిని శుద్ధి చేయించారు, పూజ చేయించారు, కానీ ఆ నీళ్లు ఎవరూ తాగలేదు. పైన తుమ్మకంప వేసి మూసేశారు. అంతటితో ఆగితే బాగుండేది. ఆ ఏడు నుంచి మా అత్తగారు ఇంటి ఆడవాళ్లను బతుకమ్మకు గడప దాటనివ్వలేదు. "బయట ఆడే ఆట మనకొద్దు" అంది, అంతే. ఊళ్లో ఆడవాళ్లందరూ తొమ్మిది రోజులూ పూలు పేర్చుకుని వీధుల్లో ఆడుతుంటే, మా ఇంటి ఆడవాళ్లు మిద్దె ఎక్కి పిట్టగోడ మీదనుంచి చూసేవాళ్లు. నేను వచ్చిన మొదటి ఏడు నేనూ అలాగే చూశాను. వాకిట్లో ఆడుకుందామన్నా నడుమ కంప, కంప కింద ఆ బావి. పొద్దున లేచి దాని పక్కనుంచి పోవాలంటే ఎందుకో చెంగు దగ్గరికి లాక్కునేదాన్ని. పక్కన ఎవరూ లేకపోయినా ఉన్నట్టుండేది.

ఆ మిద్దె మీదే అక్కకు ఆలోచన వచ్చింది. బతుకమ్మను అందరూ పక్కనుంచి చూస్తారు, గోపురంలా కనిపిస్తుంది. మేము పైనుంచి చూసేవాళ్లం కాబట్టి మాకు వలయాలు వలయాలుగా కనిపించేది, ఒక వరుస తంగేడు, ఒక వరుస గునుగు, మళ్లీ తంగేడు. అక్క చాలాసేపు పిట్టగోడ మీద గడ్డం ఆనించి చూసి, "చెల్లె, మనల్ని బయటికి పోనియ్యరు. బతుకమ్మనే లోపటికి తెద్దాం. వాకిలి మొత్తం గిట్లనే చేద్దాం" అంది. ఎలా అని అడిగాను. "బండలతోని" అంది. తాండూరులో బండకేం కొదవ? ఊరి బయట గనుల దగ్గర పనికిరాని ముక్కలు గుట్టలుగా పడి ఉండేవి. నీలంవి, బూడిదరంగువి, పసుపువి, ఎవరు తీసుకుపోయినా అడిగేవాళ్లు లేరు. పప్పుమిల్లు నుంచి పొట్టు తోలే బండి తిరిగి వచ్చేటప్పుడు ఖాళీగా వచ్చేది, అందులో వేసుకు వచ్చేవాళ్లం. అత్తగారు మొదట ముఖం ముడిచింది. తర్వాత ఒక్క మాట అంది. "బాయి మూసుడు మంచిదే. గాని మూసేది గట్టిగ మూయాలె."

మూడు నెలలు మా ఇద్దరికీ అదే పని. ముక్కలు రంగు వారీగా పోసి, వలయం తర్వాత వలయం పేర్చాం. అతకడానికి ఒక ముసలి రాళ్లపని తాతను మాట్లాడుకుంది అక్క. ఆ తాతకు మాటలు తక్కువ. ప్రతి బండనూ ఎత్తి పట్టుకుని చిన్న సుత్తితో తట్టి, చెవి దగ్గర పెట్టి వినేవాడు. గంటలా మోగితే కింద పెట్టేవాడు, మోగకపోతే పక్కకు విసిరేసేవాడు. నేల మీద పరిచే చిన్నముక్కకు అంత పరీక్ష ఎందుకని నేను నవ్వితే, "అలవాటు బిడ్డా" అన్నాడు. అంతా అయ్యాక మిగిలింది నడుమ బావి మూత. దానికి అక్క ఒక బండను ముందే చూసి పెట్టుకుంది. గనిలో ఎవరో పారేసిన పెద్ద పలక. వాన మబ్బు రంగులో నీలం, దాని నడుమ ఒక పసుపు చార ఈ కొసనుంచి ఆ కొసకు ఏరులా పారుతుంది. అంత అందమైన రాయిని నేను అంతకు ముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. అంత అందమైనది ఎందుకు పారేశారో మేము అడగలేదు.

తాత అడిగాడు. దాన్ని గుండ్రంగా చెక్కి, రెండు రాళ్ల మీద పడుకోబెట్టాక సుత్తితో తట్టాడు. బద్ మంది. ఇంకోచోట తట్టాడు. మళ్లీ బద్ మంది. "గిది పలుకుత లేదు బిడ్డా" అన్నాడు. అక్క నవ్వింది. "పాట పాడేది మేము తాతా. బండ పాడకుంటే ఏం ఫికర్ లేదు." తాత నవ్వలేదు. "లోపట ఏదో ఉన్నది. నీళ్లు వోసి చూడాలె. అంత ఆరినంక యాడ తడి మిగుల్తదో ఆడ పగులు ఉన్నట్టు. రేపు పొద్దుగాల్ల వచ్చి చూస్త" అని సుత్తి సంచిలో వేసుకుని పోయాడు.

ఆ మధ్యాహ్నం నేను బండ మీది దుమ్ము పోవాలని రెండు బిందెలు నీళ్లు కుమ్మరించాను. పరీక్ష చేద్దామని కాదు, దేవుడి మీద ఒట్టు. ఎండకు నీళ్లు ఆరుతూ వచ్చాయి. నీలం తేలింది, పసుపు తేలింది. ఆ పసుపు చారను ఆనుకుని, వెంట్రుకంత సన్నగా, ఒక నల్లటి తడి గీత మాత్రం ఉండిపోయింది. ఈ అంచు నుంచి ఆ అంచుదాకా. అంతా ఆరాక కూడా అది ఆరలేదు. నా వెనుక గాజుల చప్పుడైతే తిరిగి చూశాను. అక్క కుసుమనూనె గిన్నె, పాత గుడ్డపీలిక పట్టుకుని నిలబడి ఉంది. బండకు నూనె పట్టిస్తే రంగు విప్పారుతుందని పొద్దుననే అంది. ఆమె కాసేపు బండనే చూసింది. తర్వాత వంగి నూనె పోసింది. మొట్టమొదట పోసింది సరిగ్గా ఆ గీత మీద. నాకూ ఒక పీలిక ఇచ్చింది. ఇద్దరం సాయంత్రందాకా రుద్దాం. ఒక్క మాట మాట్లాడుకోలేదు.

ఎందుకు చెప్పలేదని మీరు అడుగుతారు. నన్ను నేనే చాలాసార్లు అడిగాను. ఒక ఇంట్లో ఇద్దరు కోడళ్లున్నప్పుడు చిన్నకోడలు పెద్దకోడలి పనికి వంక పెట్టిందంటే దానికి ఒకే అర్థం తీసేవాళ్లు, ఓర్వలేక అన్నదని. అత్తగారు అదే అనుకుంటుంది, వీధి అదే అనుకుంటుంది, అన్నింటికంటే ముందు అక్క అదే అనుకుంటుంది. పైగా నేను వికారాబాద్ నుంచి వచ్చిన పిరికిదాన్నని ఆ ఇంట్లో పేరు. బల్లికి భయం, బావికి భయం. ఇంకా చెప్పాలంటే, ఎనిమిదేళ్లుగా ఆట లేని ఇంట్లో ఒక మనిషి ఆట కోసం మూడు నెలలు రాళ్లు మోసింది. ఆమె ముందు నిలబడి ఇది పనికిరాదు అనడానికి నోరు రాలేదు. అక్కకు కూడా కనిపించి ఉంటుందా అన్న ప్రశ్నను నేను అప్పట్లో దగ్గరికి రానివ్వలేదు.

మర్నాడు తాత నీళ్లు పోశాడు. నూనె మీద నీళ్లు నిలవక బొట్లు బొట్లుగా జారిపోయాయి. తాత అరచేయి వాసన చూసుకున్నాడు. "నూనె తాగినంక రాయి నిజం చెప్తదా?" అన్నాడు. కొత్త బండ తెద్దామంటే పండుగ వారంలోకి వచ్చింది, మందపు బండ కొనాలంటే బావగారిని అడగాలి. చివరికి అటకమీది పాత మంచం పట్టెలు రెండు దించి, బావి మీద అడ్డంగా వేసి, వాటి మీద బండను కూర్చోబెట్టాడు. చేతులు దులుపుకుంటూ, "నాకైతే నమ్మకం లేదు. కింద కట్టె ఉన్నన్ని దినాలు ఉంటది" అన్నాడు. ఆ మాట విన్నది మేమిద్దరమే. సాయంత్రం అత్తగారు ఎట్లుందని అడిగితే అక్క, "తాత పక్కా అన్నడు" అంది. నేను పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్నాను. తుంచుతూనే ఉన్నాను.

ఆ ఏడు మా వాకిట్లో బతుకమ్మ ఆడాం. చుట్టుపక్కల ఆడవాళ్లందరూ వచ్చారు, ఆట కంటే నేల చూడడానికే వచ్చారనిపించింది. గునుగుపూలకు సిరా, మోదుగురంగు అద్ది, కింద వలయాలు ఏ వరుసలో ఉన్నాయో అదే వరుసలో పేర్చింది అక్క. బండ మీద బతుకమ్మను పెడితే నేలే లేచి నిలబడినట్టు ఉంది. మా అత్తగారు అరుగు మీద కూర్చుని ఏడ్చింది, ఎవరూ చూడలేదనుకుంది. నేను చప్పట్లు కొడుతూ చుట్టూ తిరుగుతున్నానే గానీ నా కళ్లు ఆడవాళ్ల పాదాల మీదే ఉన్నాయి. ఎవరైనా ఒక అడుగు లోపలికి వేస్తే నా చప్పట్లు తప్పేవి. అక్క మాత్రం, "దూరం దూరం, పూలు తొక్కుతరు" అని అందరినీ అదిలిస్తూనే ఉంది. పాట అయ్యాక బతుకమ్మను ఎత్తడానికి ఒక్కతే లోపలికి పోయింది. సాయం రాబోయినవాళ్లను మోచేత్తో ఆపింది. ఎంత గర్వమో అని నా పక్కామె మూతి తిప్పింది. నేనూ అలాగే అనుకున్నాను.

రెండో ఏడూ అలాగే గడిచింది. ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడం కూడా ఒక భయమే, రోజు పొడవునా దాన్ని మోస్తూ తిరగాలి. నేను వాకిలి దాటేటప్పుడు ఆ బండ చుట్టూ తిరిగి పోయేదాన్ని. గమనిస్తే అక్క కూడా చుట్టూ తిరిగే పోయేది. పని మీద పోతూ ఒకరికొకరం ఎదురైనప్పుడు, ఒకరం అటు, ఒకరం ఇటు, బండకు చెరోవైపు నుంచి దాటుకునేవాళ్లం. కళ్లు కలిసేవి కావు. మూడో ఏడు వానాకాలం గట్టిగా పట్టింది. బండ అంచుల సందుల్లోంచి తడికట్టె కుళ్లిన వాసన రావడం మొదలైంది. మొదట పప్పు ముక్కిందేమో అనుకుని అత్తగారు వంటిల్లంతా వెతికింది. వాసన ఎక్కడిదో నాకు తెలుసు.

పండుగకు ముందురోజు ధైర్యం కూడదీసుకున్నాను. అక్క గునుగు కట్టలు కోస్తోంది. "అక్కా, ఈ ఏడు బతుకమ్మను తులసి గద్దె కాడ పెడదామా?" అన్నాను. కత్తి ఆగింది. అక్క తలెత్తి నా ముఖంలోకి చాలాసేపు చూసింది. "ఎందుకే? నా బండ నచ్చుత లేదా నీకు?" అంది. ఆ గొంతులో కోపం లేదు. ఏదో ఉంది, అడిగినట్టు ఉంది. ఇప్పుడు తెలుస్తోంది, చెప్పమని అడిగింది. అప్పుడు నాకు వినిపించింది మాత్రం ఓర్వలేనిదానా అన్న మాటే. "ఊరికె అన్న అక్కా" అన్నాను. కత్తి మళ్లీ కదిలింది.

మర్నాడు సద్దుల బతుకమ్మ, పండుగ ఆఖరి రోజు. పొద్దు వాలుతుండగా ఆట మొదలై, దీపాలు పెట్టే వేళకు ముగిసింది. బతుకమ్మను చెరువుకు పంపాలి. అది మోసుకుపోవడానికి పక్కింటివాళ్లు వీధి తలుపు దగ్గర నిలబడ్డారు. అక్క అందరినీ వెనక్కి జరగమంది. చెంగు నడుముకు దోపుకుంది. కుడికాలు బండ మీద పెట్టింది. ఎడమకాలు తెచ్చి కలిపింది. వంగి తాంబాళం రెండు వైపులా పట్టుకుంది. అప్పుడు బండ మోగింది. మూడేళ్లు పలకని రాయి గుడిగంట కొట్టినట్టు ఒక్కసారి మోగింది. పసుపు చార వెంట రెండుగా విడిపోయి, ఒక సగం గట్టు మీదే పక్కకు ఒరిగింది, రెండో సగం అక్కనూ పూలనూ తీసుకుని లోపలికి పోయింది.

అరుపులు నాకు గుర్తు లేవు. గట్టు మీద బోర్లా పడుకుని లోపలికి చూడడం గుర్తుంది. వానలకు ఊరిన నీళ్లు ఛాతీ లోతు ఉన్నాయి. ఆ నీళ్ల మీద తంగేడు, గునుగు విడిపోయి తేలుతున్నాయి, నడుమ అక్క తల. ఆ ఏడు మా బతుకమ్మ చెరువుదాకా పోలేదు. తాత ఇల్లు మా వెనుక వీధిలోనే కాబట్టి కబురు అందగానే ఆయనా, ఎదిగిన కొడుకూ మోకులు పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. కొడుకు దిగి, కాలి మీద పడిన బండ ముక్కను గడ్డపారతో లేపి, అక్కను పైకి పంపాడు. ప్రాణం ఉంది. కుడికాలు మోకాలి కింద నుజ్జయింది.

మూడోనాడు మా బావగారు తాతను పిలిపించి వాకిట్లో నిలబెట్టాడు. "పక్కా అన్నవంట గదా! నీ మాట నమ్మినందుకు మా ఆడిమనిషి బాయిల పడ్డది. తాండూరుల ఇంకెవ్వరు నీకు పనియ్యకుంట చేస్త" అని ఇల్లు ఎగిరిపోయేట్టు అరిచాడు.  తాత తల తిప్పి నన్ను చూశాడు. ఆ రోజు నేనూ అక్కడ ఉన్నానని ఆయనకు తెలుసు కదా. ఒక్క మాట చాలు, ఆ ముసలాయన పరువు నిలుస్తుంది. నేను నేల మీది వలయాలు చూస్తూ నిలబడ్డాను. అప్పుడు లోపలి గదిలోంచి, మంచం మీదనుంచి, అక్క గొంతు వచ్చింది. "తాతనేమనకుండ్రి. ఆయన వద్దనే అన్నడు. పక్కా అని అబద్ధం చెప్పింది నేను. పగులు చూసింది నేనొక్కదాన్నే."

ఒక్కదాన్నే అంది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ మాట తలుచుకుంటే నాకు తల ఎత్తబుద్ధి కాదు. సాయంత్రం గంజి తీసుకుని పోయి మంచం పక్కన కూర్చున్నాను. అక్క గోడవైపు చూస్తూ, "నువ్వు గూడ చూసినవ్ గదా చెల్లె, తడిగీత" అంది. "చూసిన అక్కా." "మరెందుకు చెప్పలే?" దాచడానికి ఇంక ఏమీ మిగల్లేదు. "ఓర్వలేక అంటున్నదనుకుంటవని" అన్నాను. అక్క ముఖం ఇటు తిప్పింది. "గట్లనే అనుకుంటుంటి" అంది. దుప్పటి మోకాలి మీదికి లాక్కుని, "చెప్తే బండ తీసెయ్యాల్సి వస్తుండె. మళ్ల కంపనే. ఎవరి కాలన్న పడితె నా కాలే పడాలె అనుకున్న" అంది. మూడేళ్లు ఆమె అందరినీ మోచేత్తో ఎందుకు ఆపిందో నాకు అప్పుడు అర్థమైంది. ఇద్దరం ఏడ్చాం. గంజి చల్లారిపోయింది.

బావిని రాళ్లు, మట్టి పోసి పూడ్చేశారు. పైన మందమైన బండ పడింది, అందంచందం లేని బండ. మా వాకిట్లో మళ్లీ బతుకమ్మ ఆడలేదు. అక్క ఆ తర్వాత నలభై ఏళ్లు కుంటుతూ బతికింది. బావగారు కొనిచ్చిన చేతికర్రకు వారంలోపే పట్టుచీర అంచు పీలికలు చుట్టి, పిడికి దువ్వెన గుండీలు పొదిగింది. ఊళ్లో కాళ్లు బాగున్న ముసలమ్మలు కూడా అలాంటి కర్ర కావాలని అడిగారు. తాతకు మా ఇంటినుంచి ఏటా కందిపప్పు పోయేది, అది అక్క చేసిన ఏర్పాటు. కానీ ఆ తర్వాత ఆయన నాతో ఎన్నడూ మాట్లాడలేదు. ఒరిగిన సగం బండను మాత్రం పారేయనివ్వలేదు అక్క. పెరటి గోడకు ఆనించి పెట్టించింది. నేను గిన్నెలు కడగడానికి పోయిన ప్రతిసారీ అది కనిపించేది.

ఇదంతా మనవరాలికి చెప్పాను, మొదటినుంచి, నా తప్పు దాచకుండా. ఆమె వంగి బల్ల కాలు ఊపి చూసింది. తర్వాత, "అది బావి మీద కదా నాయనమ్మా. దీని కింద ఇనుపకాళ్లున్నయ్. నీకు అన్నీ భయాలే" అని నా భుజం తట్టింది. ఆ మాట నాకు కొత్త కాదు. పిల్లవాడు మళ్లీ పాకుతూ పోయి బల్ల అంచు అందుకుంటున్నాడు. "ముందు వాణ్ని ఎత్తుకో. ఎత్తుకుని ఒక చెంబు నీళ్లు తే" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆమె వాణ్ని చంకన వేసుకుని నీళ్లు తెచ్చింది. పలక నిండా పోశాను. ముగ్గురం దాని ముందు కూర్చున్నాం. నీలం ఆరింది, పసుపు ఆరింది. వంపు అంచుకు జానెడు లోపల, వెంట్రుకంత సన్నగా, నల్లటి గీత ఒకటి ఆరకుండా మిగిలింది. మనవరాలు పిల్లవాణ్ని గుండెకు అదుముకుంది. నీళ్లు ఆరడానికి పావుగంట పట్టింది. ఇదిగో ఇక్కడ అని వేలు పెట్టి చూపించడానికి నాకు అరవై ఏళ్లు దాటింది.